నిమ్మతోటలో ఫోర్ వీల్ మినీ ట్రాక్టర్: కొన్నేళ్లు వాడాక

ఎన్ని హెచ్‌పీ, ఎన్ని సిలిండర్లు, వెనక లిఫ్ట్ ఎంత బరువు ఎత్తుతుంది, ఇవన్నీ షోరూమ్‌లో ఇచ్చే కాగితంలోనే ఉంటాయి. వాటి జోలికి పోను. సీటు పక్కన, ఎడమ కాలి దగ్గర ఉండే ఫోర్ వీల్ లివర్ గురించి మాత్రం వివరంగా రాయాలని ఉంది. అది లేకపోతే మా తోటలో వానల్లో మందు కొట్టడం అయ్యే పని కాదు.

మాది పొదలకూరు వైపు నిమ్మతోట. సగం ఎర్రనేల, కాలవ పక్క సగం నల్లరేగడి. నెల్లూరు జిల్లాకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతోనే. ఆ తడికే లేత చిగురు మీద గజ్జి తెగులు రేగుతుంది. ఒక పూట తెరిపి ఇచ్చిందంటే ఆ పూటే కాపర్ ఆక్సీక్లోరైడ్ మందు కొట్టేయాలి. నేల ఆరేదాకా ఆగుదామంటే తెగులు ఆగదు. ఇంతకుముందు పెద్ద ట్రాక్టర్‌ని బాడుగకు పిలిచేవాళ్లం. అది రేగడిలో దిగిందంటే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి నేలని గీకేసేవి. చెట్ల మధ్య మోకాలి లోతు గాడి పడేది, గాడి నిండా నీళ్లు. నిమ్మ వేళ్లు పైపైనే పాకుతాయి కదా, గాడి పడినచోట వేళ్లు తెగేవి, నీళ్లు నిలిచినచోట వేరుకుళ్లు, చెట్టు మొదలు దగ్గర బంక కారడం. ఆకుని కాపాడబోయి వేరుని పోగొట్టుకున్నట్టయ్యేది.

ఈ చిన్న బండి వచ్చాక ఆ బాధ తప్పింది. బరువు తక్కువ కావడం ఒక కారణం, లివర్ రెండో కారణం. లివర్ వేస్తే ఇంజను బలం ముందు ఇరుసుకి కూడా పోతుంది. వేగమేమీ పెరగదు. తేడా చూడాలంటే బండి పోయాక దాని వెనక నేల చూడాలి. వెనక టైరు తోస్తుంటే ముందు టైరు లాక్కుంటూ పోతుంది కాబట్టి రేగడి మీద టైరు పళ్ల అచ్చు వరసగా, విడివిడిగా కనిపిస్తుంది. అచ్చులు చెరిగిపోయి నున్నగా ఉంటే చక్రం జారిందని అర్థం. బండి దిగబడకుండా ఉండటానికే ఫోర్ వీల్ అని చాలామంది అనుకుంటారు. తోట ఉన్నవాడికి అంతకన్నా నేల చెదరకపోవడం ముఖ్యం.

కాలవ కట్ట దిగేటప్పుడు కూడా దాని విలువ తెలుస్తుంది. మా బండికి బ్రేకులు వెనక చక్రాలకే. నిండు మందు ట్యాంకు వెనక నుంచి తోస్తుంటే ఆ బ్రేకుల్ని నమ్ముకుని దిగడం భయమే. లివర్ వేసి, చిన్న గేర్లో, క్లచ్ తొక్కకుండా దిగితే ఇంజను నాలుగు చక్రాల్నీ పట్టి ఉంచుతుంది. ఇది చూసే మొదటి ఏడాది నన్ను ఎవరు అడిగినా కళ్లు మూసుకుని ఫోర్ వీల్ తీసుకోమని చెప్పాను. మా బావమరిది నా మాట మీదే కొన్నాడు.

ఇక టైర్ల సంగతి. నిమ్మతోటలో టైరుకి పెద్ద శత్రువు ముల్లు. కొమ్మలు కత్తిరించాక ఎంత ఏరినా కొన్ని మిగులుతాయి. ఎండిన ముల్లు టైరు పళ్ల మధ్య పల్చటిచోట దిగి ట్యూబు దాకా పోతుంది. అలా పంచర్లు పడీ పడీ, అరిగీ, ముందు టైర్లు మార్చక తప్పలేదు. టౌన్లో షాపుకి పోతే మా సైజు లేదు. "రిమ్ము అదేనన్నా, 12 అంగుళాలే. టైరు కాస్త దిట్టంగా ఉంటుంది, మీకే మంచిది" అని వేరేవి ఎక్కించి పంపారు. పాతవాటి పక్కన పెట్టి చూస్తే ఎత్తులో తేడా బొటనవేలి మందం కూడా లేదు.

కొద్దిరోజులకే లివర్ బిగుసుకోవడం మొదలైంది. తోటలో వేసిన లివర్ డొంక ఎక్కాక తీద్దామంటే రాదు. బండి నాలుగడుగులు వెనక్కి నడిపితే టక్కున ఊడేది. తర్వాత మలుపు తిరిగేటప్పుడు ముందు టైర్లు నేలని ఈడ్చడం, ఇరుసులోంచి గరగరమనడం. షోరూమ్ నుంచి వచ్చిన మెకానిక్ ఇరుసు విప్పి, ఆయిల్ సీలూ బేరింగూ మార్చి, బిల్లు చేతిలో పెట్టి పోయాడు. శబ్దం మాత్రం పోలేదు. మళ్లీ పిలిస్తే ఈసారి ఇరుసు లోపలి గేర్ల జత, క్రౌన్ పినియన్ సెట్టే మార్చాలన్నాడు. అటు చిగురు మీద గజ్జి మచ్చలు లేస్తున్నాయి, ఇటు బండి షెడ్డులో ఉంది. ఆ టెన్షన్లో రాత్రిళ్లు నిద్ర పట్టలేదు.

పక్క ఊళ్లో పాత మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆయన వచ్చి పానా ముట్టుకోలేదు, సుద్దముక్క అడిగాడు. గట్టి మట్టిబాట మీద బండి నిలబెట్టి, నాలుగు టైర్లలో గాలి సరిచేయించి, వెనక టైరుకి ఒకటి, ముందు టైరుకి ఒకటి, నేలకి ఆనేచోట గీతలు గీశాడు. లివర్ తీసి బండి మెల్లగా నడపమన్నాడు. వెనక చక్రం 10 చుట్లు తిరిగేసరికి ముందుది ఎన్ని తిరిగిందో పక్కనే నడుస్తూ లెక్కపెట్టాడు: 14 చుట్లు. లివర్ వేసి మళ్లీ అదే చేయిస్తే 15 దాటింది. "ఇరుసుకేం కాలేదన్నా, టైర్లే ఒకదానికొకటి పొసగట్లా" అన్నాడు.

ఆయన చెప్పింది ఇదీ. ఫోర్ వీల్ బండిలో ముందు చక్రం వెనకదానికన్నా కాస్త ఎక్కువ దూరం లాగేలా గేర్లు అమర్చి ఉంటాయి. ముందు లాగుతుంటేనే బండి తిప్పినట్టు తిరుగుతుంది. ఆ ఎక్కువ 1 నుంచి 5 శాతం లోపే ఉండాలి. మెత్తటి నేలలో ఆ కాస్త తేడా మట్టిలో టైరు జారి సర్దుకుంటుంది. గట్టి నేల మీద సర్దుకునే దారి లేక ఆ మెలి అంతా గేర్లలో బిగుసుకుంటుంది. రోడ్డు ఎక్కితే లివర్ తీసేయమనేది ఇందుకే, వెనక్కి నడిపితే లివర్ ఊడేదీ ఆ మెలి వదలడం వల్లే. మాకు ముందేమో కొత్త పెద్ద టైరు, వెనకేమో పళ్లరిగి చుట్టుకొలత తగ్గిన పాత టైరు. రెండూ కలిసి తేడాని 8 శాతం దగ్గరికి తీసుకుపోయాయి. ఇంకొన్నాళ్లు అలాగే నడిపుంటే క్రౌన్ పినియన్ నిజంగానే పోయేది.

నెల్లూరు నుంచి సరైన సైజు తెప్పించి వేశాం. సుద్ద గీతలు మళ్లీ గీసి చూసుకున్నాం, తేడా 5 లోపుకి వచ్చింది. గరగర పోయింది, లివర్ చేత్తో అంటే చాలు పడుతోంది. దిట్టం టైర్లని షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. నా కోపం ఆ డబ్బు గురించి కాదు. బండి అమ్మినవాళ్లు, టైరు అమ్మినవాళ్లు, ఇరుసు విప్పినవాళ్లు, ఇంతమందిలో ఒక్కరు కూడా నాలుగు టైర్లనీ కలిపి చూడాలని అనలేదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేల ఎలాంటిదని ముందు అడుగుతున్నాను. రోటవేటర్ పనికి ఈ లివర్ దాదాపు అక్కర్లేదు. పొడినేలలో తిరిగే కత్తులే బండిని ముందుకి నెడుతుంటాయి. ఎండాకాలమంతా మా బండి టూ వీల్‌లోనే తిరుగుతుంది. బావమరిదిది మొత్తం ఎర్ర చెలక, వాన పడ్డ మర్నాటికే కాలు పెట్టొచ్చు. ఆయనకి టూ వీల్ బండి సరిపోయేది. పైగా ముందు ఇరుసుకి చాకిరీ ఉంది: దాని నూనె వేరుగా చూసుకోవాలి. గడ్డో, తెగిన డ్రిప్ పైపు ముక్కో చక్రం మధ్యలో హబ్‌కి చుట్టుకుంటే ఆయిల్ సీల్ కోసుకుపోతుంది కాబట్టి సాయంత్రం బండి ఆపగానే వంగి చూసి కొడవలితో కోసి తీసేయాలి.

నా తోటలో రేగడి ఉంది, వానల్లోనే మందు కొట్టాలి, దిగడానికి కాలవ కట్ట ఉంది. అందుకే మళ్లీ కొన్నా నేను ఫోర్ వీలే కొంటాను. అయితే పక్క ఊళ్లో ఆ మేస్త్రీ ఉన్నాడన్న ధైర్యం కూడా ఇందులో కలిసి ఉంది. షోరూమ్ తప్ప ఇంకో దిక్కులేని చోట ఉన్నవాళ్లకి ఇదే మాట ఇంత గట్టిగా చెప్పలేను.