నీళ్లు పోస్తే డికాక్షన్ దిగిన కాలమ్

ఐరన్ ఆక్సైడ్ నానో కణాలను సైజు వారీగా వేరుచేసే ఈ కాలమ్‌తో, అంటే ఉక్కు గుండ్లు నింపి చుట్టూ కరెంటు కాయిల్ పెట్టిన గొట్టంతో, మూడేళ్లుగా పనిచేస్తున్నాను. ఇంతకంటే సులువైన సాధనం నా చేతికి రాలేదు. అయినా దీని మీద ఒక కోపం తీరలేదు. పట్టుకున్నది ఒక పట్టాన వదలదు.

కరెంటు పూర్తిగా పెట్టి కణాలన్నిటినీ ఉక్కు గుండ్ల మధ్య ఆపడం, మెట్టుమెట్టుగా తగ్గిస్తూ చిన్నవాటిని ముందు, పెద్దవాటిని చివర దించుకోవడం, అంతే పని. వ్యాసం రెట్టింపైతే అయస్కాంతం లాగే బలం ఎనిమిది రెట్లవుతుంది. బియ్యంలో నూకలు జల్లించినంత తేలిక అని మొదటి నెలలో కనపడినవారికల్లా చెప్పాను.

రెండో వేసవిలో, ఎలుకల మీద పరీక్షకు పంపవలసిన 50 నానోమీటర్ల బ్యాచ్‌ను, చెల్లాచెదురైన కాంతిని బట్టి కణాల సైజు చెప్పే కాంతి పరిక్షేపణ యంత్రంలో పెడితే 150 దగ్గర ఇంకో పీక్ లేచింది. కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా వేసిన డెక్స్ట్రాన్ పూత ఊడిందనుకున్నాను. రెండుసార్లు కణాలు కొత్తగా తయారుచేశాను. పీక్ పోలేదు. మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం, కరెంటు లేకుండా, కడగడానికని ఉత్త నీళ్లు గట్టిగా తోశాను. కింద బీకరులోకి పలుచని డికాక్షన్ దిగింది! అంతకుముందు బ్యాచ్‌లోని పెద్ద కణాలవి. కాయిల్‌లో కరెంటు పోయినా ఉక్కులో కొంత అయస్కాంతత్వం మిగిలిపోతుంది. పెద్దవాటిని పట్టి ఉంచడానికి అది చాలు. మిగిలింది నిజానికి కొంచెమే. కానీ చెల్లాచెదురయ్యే కాంతి వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది కనుక, 150 నానోమీటర్ల కణం ఒక్కటి, 50 నానోమీటర్ల కణాలు ఏడు వందలున్నంతగా వెలుగుతుంది.

ఇప్పుడు ఆ మిగులు అయస్కాంతత్వం పోవడానికి ప్రతిసారీ ఏసీ కరెంటు ఇచ్చి మెల్లగా సున్నాకు తగ్గిస్తాను. ఆ తర్వాత సిరంజితో, నీళ్లు తేటపడేదాకా.

నూకల పోలిక కూడా ఇప్పుడు అంత ధీమాగా చెప్పను. జల్లెడ సైజు చూస్తుంది, ఇది లాగుడే చూస్తుంది. చిన్న గింజలు నాలుగు అతుక్కుంటే పెద్ద గింజతో పాటే దిగుతాయి. ఒంట్లోకి ఎక్కించిన అయస్కాంత కణాలు ఎక్కడున్నాయో చూపే అయస్కాంత కణ చిత్రణకు గింజ సైజే ముఖ్యం. 2005లో ఆ పద్ధతిని ప్రకటించినప్పుడు వాడిన రెసోవిస్ట్ అనే ఐరన్ ఆక్సైడ్ ఎంఆర్ఐ మందులోనూ సంకేతానికి పనికొచ్చినవి కొద్ది కణాలే.

నాకు వారానికి కొన్ని మిల్లీలీటర్లు చాలు, కడగడానికి ఓపికా ఉంది. అందుకని ఈ కాలమ్‌ను మార్చలేదు. రోజుకు నాలుగు బ్యాచ్‌లు తీసేవారు మాత్రం బ్యాచ్‌కో కాలమ్ పెట్టుకోగలరేమో ముందు లెక్క చూసుకోవాలి.