సైకోడ్రామానా, ఫోరమ్ థియేటరా?

మానసిక రోగులకు నాటకంతో సాయం చేయాలంటే ఈ రెండింట్లో ఏది? అమెరికాలో మానసిక వైద్యుడు డాక్టర్ జేకబ్ మొరెనో పెంచిన సైకోడ్రామాలో, అంటే నాటకంతో చేసే చికిత్సలో, ఒకరి సొంత కథ వేదికెక్కుతుంది, ఆ మనిషికి ఊరట దొరుకుతుంది. అది చిన్న విషయం కాదు. లోపలి గాయానికి, శిక్షణ ఉన్నవారి దగ్గర, నేను దాన్నే సూచిస్తాను.

కానీ మారాల్సింది ఎప్పుడూ రోగేనా? బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ 1970ల్లో మొదలుపెట్టిన ఫోరమ్ థియేటర్ చూపు చుట్టూ ఉన్నవాళ్ల మీద ఉంటుంది. చెప్పకుండా అన్నంలో మాత్ర కలిపే ఇల్లు, రోగిని వదిలేసి పక్కనున్న అన్నయ్యతోనే మాట్లాడే డాక్టరు... సన్నివేశం మొదట ఓటమితో ముగుస్తుంది. మళ్లీ ఆడేటప్పుడు ప్రేక్షకుల్లో ఒకరు "ఆపండి" అని రోగి పాత్రలోకి వస్తారు: "డాక్టరుగారూ, నాతో చెప్పండి." మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఎలాంటి చికిత్స కావాలో ముందే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. దాన్ని గట్టిగా అడగడం ఇక్కడ ప్రాక్టీస్ అవుతుంది. వార్డులో అవమానాలను ఎదుర్కోవడానికైతే నా ఓటు ఫోరమ్ థియేటర్‌కే. సిబ్బంది ముందు ఆడితే మాత్రం, తర్వాత రోగులపై కక్ష కట్టకుండా ముందే ఏర్పాటు ఉండాలి.