మూడు గిన్నెల స్టీలు క్యారేజీ: ఇద్దరి సంసారంలో ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

ఇది పెళ్లయిన కొత్తలో స్టీలు సామాన్ల కొట్లో తూకానికి కొన్న మామూలు క్యారేజీ. కంపెనీ పేరు లేదు, పైన రంగు లేదు, వేడి నిలిపే ఏర్పాటూ లేదు. మూడు గిన్నెలు, ప్రతి గిన్నెకూ రబ్బరు రింగుతో విడి మూత, వాటిని పట్టి ఉంచే చట్రం, పైన పిడి, రెండు పక్కలా క్లిప్పులు. గిన్నె వెడల్పు 12 సెంటీమీటర్లు, లోతు ఐదున్నర. నిండా నీళ్లు పోస్తే 600 మిల్లీలీటర్లు పడతాయి కానీ అంచుకి వేలెడు వెలితి ఉంచాలి కాబట్టి 500 కిందే లెక్క వేసుకోవాలి. ఖాళీగా తూస్తే 900 గ్రాములు. వారమంతా ఆఫీసుకి, పండగలకి హైదరాబాద్ నుంచి రాజమండ్రి వైపు రాకపోకలకి, మధ్యలో గుళ్లకి, పెళ్లిళ్లకి ఇదే వెళ్తోంది.

ఇద్దరికి మూడు గిన్నెలు చాలా అంటే చాలు. 150 గ్రాముల బియ్యం వండితే ఒక గిన్నె నిండుతుంది. ఇద్దరి ఒక పూట భోజనానికి ఒక గిన్నె కలిపిన అన్నం, ఒక గిన్నె పెరుగన్నం, ఒక గిన్నె వేపుడు సరిపోతాయి. నాలుగు గిన్నెలది కొంటే ఎత్తు పెరిగి, ఊగినప్పుడల్లా బరువంతా పై క్లిప్పుల మీద పడుతుంది. ఖాళీగా ఉందని నాలుగో గిన్నెలో ఏదో ఒకటి పెడతాం, అది తినకుండానే వెనక్కి వస్తుంది.

కొనేటప్పుడు అందరూ మొదట చేసేది అయస్కాంతం పెట్టి చూడటం. దాంతో తేలేది చాలా తక్కువ. 304 రకం స్టీలులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, దానికి అయస్కాంతం అంటుకోదు. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన 202 రకానికీ దాదాపు అంటుకోదు. పైగా అసలైన 304 గిన్నెకి కూడా, రేకుని లోతుగా లాగి మలిచిన మూలల దగ్గర, కొద్దిగా అంటుకోవచ్చు. కాబట్టి అయస్కాంతాన్ని నమ్ముకుని మంచిదాన్ని వదిలేయొద్దు, నాసిరకం తెచ్చుకోవద్దు. గిన్నె అడుగున 304 అని ముద్ర ఉందేమో చూడండి. గోడని బొటనవేలితో నొక్కితే లోపలికి పోకూడదు. అంచు లోపలికి మడిచి ఉండాలి, కత్తిరించి వదిలేసిన అంచు తోమేటప్పుడు వేలు కోస్తుంది. ఆ తర్వాత కొట్లోనే మూడు గిన్నెల్లో సగం సగం నీళ్లు పోయించి, క్లిప్పులు బిగించి, పక్కకి పడుకోబెట్టండి. ఒక నిమిషంలో ఏ మూత కారుతుందో తెలిసిపోతుంది. ఇందుకు మొహమాటపడొద్దు.

కొంటే విడి మూతలున్న రకమే కొనాలి. ఎందుకంటే, పాతకాలపు క్యారేజీల్లో పై గిన్నె అడుగే కింది గిన్నెకి మూత. చూడటానికి అందంగా ఉంటుంది. కానీ రైల్లో పై గిన్నె తీసి బెర్తు మీదో కిటికీ పక్కనో పెడతాం, తిన్నాక అదే అడుగుని మళ్లీ కింది గిన్నెలో కూర్చోబెడతాం. సీటు మీది దుమ్మంతా పెరుగన్నంలోకి. విడి మూతలతో ఆ బెడద లేదు.

గిన్నెలు పేర్చే వరుస మీద చాలామంది పొరపడతారు. పెరుగన్నం చివర్లో తింటాం కదా అని తోచినచోట పెట్టేస్తారు. తడిది ఎప్పుడూ అట్టడుగునే ఉండాలి. కారితే కిందికే కారుతుంది, మిగతా రెండూ పాడవ్వవు. అడుగున పెరుగన్నం, మధ్యలో పులిహోర, పైన వేపుడు పెట్టి చూడండి. పైనుంచి విప్పుకుంటూ వస్తే మన భోజనం వరుసే వస్తుంది.

ఇక అసలు సంగతి. క్యారేజీలో అన్నం పాడైందంటే నూటికి తొంభై సార్లు తప్పు క్యారేజీది కాదు, వేడివేడిగా మూత పెట్టినవాళ్లది. ఉడుకు అన్నం మీద మూత బిగిస్తే ఆవిరి మూతకి తగిలి నీళ్లవుతుంది, ఆ చుక్కలు మళ్లీ అన్నం మీద పడతాయి. మధ్యాహ్నానికి అన్నం చెమర్చి, వేళ్లకి జిగురు తగులుతుంది. అది ఒక్క రుచితో పోయే నష్టం కాదు. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు బియ్యంలోనే ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి పెరుగుతాయి. ఆ సూక్ష్మజీవి వదిలే విషాల్లో వాంతులు తెప్పించేది మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే అన్నం వార్చగానే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఫ్యాను కింద పావుగంట ఆరనివ్వాలి. అరచేయి వెనక వైపు ఆనిస్తే వేడి తగలకూడదు. అప్పుడు కలిపి, గిన్నెలో సర్ది, మూత పెట్టండి.

వేడిగా మూసినందుకు ఇంకో శిక్ష కూడా ఉంది. లోపలి ఆవిరి చల్లారి, గాలి ముడుచుకుని, మూత లోపలికి పీల్చుకుపోతుంది. ఇద్దరూ చెరోవైపు పట్టి లాగినా రాదు. బలం ఉపయోగిస్తే ఒక్కసారిగా ఊడి కూరంతా ఒళ్లో పడుతుంది. చెంచా కాడని రబ్బరు రింగు కిందికి పక్కనుంచి నెమ్మదిగా దూర్చి, కొద్దిగా పైకి లేపితే సన్నగా చప్పుడు చేస్తూ గాలి లోపలికి పోతుంది, మూత దానంతటదే వదులవుతుంది. ఇంట్లో అయితే గిన్నెని రెండు నిమిషాలు వేడినీళ్లలో ఉంచినా చాలు.

ప్రయాణానికి పులిహోరని మించింది లేదు, దానికి కారణం చింతపండు పులుపు. ఒక గిన్నెకి 150 గ్రాముల బియ్యం, 25 గ్రాముల చింతపండు, మూడు పెద్ద చెంచాల నూనె, అర చెంచా పసుపు, మూడు ఎండుమిర్చి, మూడు పచ్చిమిర్చి, శనగపప్పు, మినప్పప్పు చెరో చెంచా. గుజ్జుని నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. నీళ్లు మిగిలిన గుజ్జు కలిపితే సాయంత్రానికే వాసన మారుతుంది. వేరుశనగలు కలపకుండా విడిగా పొట్లం కట్టి, తినేముందు చల్లుకోండి. లేకపోతే మెత్తబడి నోటికి అడ్డం పడతాయి. కొబ్బరి, ఉల్లిపాయ దగ్గరికి రానివ్వొద్దు. ఈ పద్ధతిలో చేసింది జనవరి చలిలో పొద్దున ఆరింటికి సర్దితే రాత్రి ఏడింటికి కూడా బాగుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం దాటనివ్వం.

పెరుగన్నానికి 75 గ్రాముల బియ్యం మెత్తగా వండి మెదిపి, కాచి గోరువెచ్చగా చల్లార్చిన 200 మిల్లీలీటర్ల పాలు పోసి, రెండు చెంచాల పెరుగు కలపాలి. దారిలోనే తోడుకుని, తినే వేళకి కమ్మగా ఉంటుంది. అచ్చంగా పెరుగే కలిపితే నాలుగైదు గంటలకే పులిసిపోతుంది. సంక్రాంతి చలికి తోడు నెమ్మదిగా అంటుకుంటుంది కాబట్టి పెరుగు నాలుగు చెంచాలకి పెంచండి. ఉప్పు తినేటప్పుడే.

పై గిన్నెలోకి దొండకాయ, బెండకాయ, ఆలుగడ్డ వేపుళ్లు బాగా నిలుస్తాయి. పప్పు, టమాటా కూర, కొబ్బరి పచ్చడి ఇంటికి దగ్గరలో ఆఫీసు ఉన్నవాళ్లకి పర్వాలేదు, దూర ప్రయాణానికి వద్దు. ఆవకాయని ఈ గిన్నెల్లో రోజుల తరబడి ఉంచకండి. ఉప్పూ పులుపూ కలిసి స్టీలు మీద సూది మొన అంత గుంటలు చేస్తాయి, అవి ఎంత తోమినా పోవు. ఊరగాయకి చిన్న గాజు సీసా వేరే ఉండాలి.

వేడి నిలిపే క్యారేజీ మంచిది కాదా అని చాలామంది అడుగుతారు. అది కూడా వాడుతున్నాం. ఆఫీసుకి అదే మేలు: ముందు ఐదు నిమిషాలు మరిగిన నీళ్లు పోసి ఉంచి, పారబోసి, సెగలు కక్కే కూర పెడితే నాలుగు గంటల్లోపు తినేస్తాం. ప్రయాణానికి మాత్రం వద్దు. ఆరేడు గంటలయ్యేసరికి తిండి ఉడుకుగానూ ఉండదు, చల్లగానూ ఉండదు, సూక్ష్మజీవులకి కావలసిన గోరువెచ్చదనంలోనే ఆగిపోతుంది. సంక్రాంతి ముందు రోజుల్లో రోడ్డు మీద భోజనం వేళ మన చేతిలో ఉండదు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు, మామూలుగా ఐదు గంటలు. పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరితే అది ఎంతకి తేలుతుందో చెప్పలేం. ఆరబెట్టి చల్లగా సర్దిన పులిహోర ఆ ఆలస్యాన్ని తట్టుకుంటుంది, వేడి సాంబారన్నం తట్టుకోదు. వేడి నిలిపే దానికి సొట్ట పడితే ఒకసారి మరిగిన నీళ్లు పోసి చూడండి. ఐదు నిమిషాల్లో బయటి గోడ వేడెక్కితే దాని పని అయిపోయినట్టే, దానికి మరమ్మతు లేదు.

కరెంటుతో వేడయ్యే డబ్బాలు రైల్లో వాడకండి. బెర్తు దగ్గరి ప్లగ్గులు ఫోను, ల్యాప్‌టాప్ కోసం పెట్టినవి. కెటిల్ లాంటివి పెడితే వైరింగు మీద భారం పడి మంటలు రేగే ప్రమాదం ఉంది.

ఎనిమిదేళ్లలో ఈ క్యారేజీలో పాడైనవి మూడే. మొదటిది రబ్బరు రింగులు. ఏడాదిన్నరకి గట్టిపడి బీటలు తీస్తాయి. పసుపు మరక నష్టం చేయదు, వాసనే అసలు సమస్య. వారానికోసారి రింగుని మూత నుంచి పూర్తిగా ఊడదీసి, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా వంటసోడా వేసి అరగంట నానబెట్టి, నీడన ఆరబెట్టాలి. ఆ గాడిలో చేరిన నూనె జిడ్డుని పాత టూత్‌బ్రష్షుతో తీయాలి. కడిగాక మూతలు బిగించి అటక మీద పెట్టకండి, విప్పి బోర్లించండి.

రెండోది క్లిప్పులు. స్కూటరు కొక్కేనికి తగిలిస్తే ప్రతి గతుకుకీ అటూ ఇటూ ఊగి, చట్రం పక్క పట్టీలు బయటికి తెరుచుకుంటాయి, క్లిప్పు పట్టు వదులుతుంది. పట్టీలని రెండు చేతులతో లోపలికి నొక్కి చూడండి, చాలాసార్లు అంతే చాలు. రివెట్టు అరిగితే స్టీలు సామాన్లు బాగుచేసేవాళ్లు కొత్తది వేసిస్తారు. సంచిలో నిలువుగా పెట్టి, చుట్టూ తువ్వాలు కుక్కడమే దీనికి మందు. చేతులు తుడుచుకోవడానికీ అదే తువ్వాలు.

మూడోది ఒక గిన్నె అడుగు. పల్చటి స్టీలు వేడిని సమంగా పంచదు. స్టవ్వు మీద నేరుగా పెట్టి కూర వెచ్చబెడితే మధ్యలో కాలి అడుగు ఉబ్బుతుంది. ఉబ్బిన గిన్నె కింది మూత మీద సరిగా కూర్చోదు, చట్రం ఎంత బిగించినా బొంగరంలా కదులుతుంది. వెచ్చబెట్టాలంటే బాణలిలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి అందులో గిన్నె దింపండి. ఇంట్లో పాత ఇత్తడి క్యారేజీ ఉండి, దాన్నే తీద్దామనుకుంటే, కళాయి చెక్కుచెదరకుండా ఉంటేనే పులుపు పెట్టండి. కళాయి పోయిన ఇత్తడిలో పులిహోర చిలుము పట్టి విషమవుతుంది.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి తిరుగు ప్రయాణాలన్నీ ఆ మర్నాడి నుంచే మొదలవుతాయి. అప్పుడు ఇదే క్యారేజీ పిండివంటల డబ్బా అవుతుంది. అరిసెలు చేయించేటప్పుడే పది సెంటీమీటర్లకి మించకుండా ఒత్తమని చెప్పుకుంటే గిన్నెకి ఏడెనిమిది పడతాయి. నూనె బాగా ఒత్తి, కనీసం నాలుగు గంటలు ఆరాక, మధ్యమధ్య బటర్ పేపరు ముక్క పెట్టండి. వార్తాపత్రిక వద్దు, సిరా నూనెకి కరిగి అంటుకుంటుంది. సున్నుండలు ఒక వరుసగా ఏడు పడతాయి. నెయ్యి పేరుకునేదాకా ఆగి సర్దితే పగలవు. జంతికలకి ఈ గిన్నె చిన్నది, విరిగి పొడవుతాయి. ఆత్రేయపురం పూతరేకులు దీనిలో అసలు పెట్టొద్దు. వాటి అట్టపెట్టెతోనే, అన్నిటికన్నా పైన పెట్టుకుని తీసుకెళ్లాలి.

ఒక్కో గిన్నె ఒక్కో వాసన పట్టకుండా, కారం గిన్నెలు రెండు, తీపికీ పెరుగుకీ ఒకటి అని విడదీసుకుని, వాటి మూతల లోపలి వైపు మేకుతో చిన్న గీత గీసుకోండి. రింగులు మార్చేటప్పుడు ఒకేసారి ఆరు కొనండి. కొలత చెప్పి కొనకుండా పాత రింగుని వెంట తీసుకెళ్లండి, ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా మూత కారుతుంది.