మిద్దె మీద డక్ట్: నాలుగు వేసవులు వాడాక

నెల్లూరు వేదాయపాళెంలో మాది పాతిల్లు. కప్పు ఎత్తు తక్కువ, ఫాల్స్ సీలింగ్ వేస్తే తల తగిలేట్టుంది. అందుకే 2022 వేసవిలో మూడు గదులకూ కలిపి డక్టబుల్ ఏసీ పెట్టించి, చల్లగాలిని గదులకు తీసుకెళ్లే రేకు గొట్టాన్ని, అంటే డక్టును, ఫాల్స్ సీలింగ్‌లో కాకుండా మిద్దె మీదుగా తిప్పించాం. మిషన్‌కు వంక పెట్టలేను. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం మా అమ్మ దుప్పటి అడిగింది. నా బాధంతా ఆ డక్టు కింద పెట్టిన ఇటుకల గురించే.

ముప్పై అడుగుల జీఐ (జింకు పూత పూసిన ఇనుప రేకు) డక్టు. బిగించినవాళ్లు రెండు కొసల్లో ఇటుకలు పేర్చి, నడుమ ఒక చెక్కముక్క దోపి వెళ్లిపోయారు. నాకూ అప్పుడు తెలీదు. రెండో వేసవికి చివరి గదిలో గాలి మందగించింది, గ్రిల్ నుంచి చుక్కలు పడ్డాయి. డ్రెయిన్ పైపు అనుకుని రెండుసార్లు డబ్బిచ్చి శుభ్రం చేయించా. దండగ.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారానికి పైకెక్కి చూస్తే చెక్క పక్కకు జారిపోయి ఉంది. డక్టు పాత నులకమంచంలా కుంగింది. తెలిసిన మేస్త్రిని పిలిచి ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి పట్టాం. నడుమ రెండంగుళాల తేడా! బ్లోయర్ వేసి జాయింట్ల చుట్టూ అగరబత్తి తిప్పితే, కుంగినచోట పొగ విసురుగా పక్కకు పోయింది. చల్లగాలి అక్కడే కారిపోతోందన్నమాట. వేడి తగలకుండా డక్టుకు చుట్టిన ఇన్సులేషన్ నొక్కితే నీళ్లు ఊరాయి. చల్లటి రేకుకు తేమగాలి తగిలి పట్టిన చెమ్మ, దానికి తోడు చిరిగిన టేపులోంచి దిగిన వాననీరు. ఇటుకల చుట్టూ నీరు నిలిచి మిద్దె కూడా పెచ్చులు లేచింది.

"ఇటుక మోస్తాది గానీ పట్టుకోదబ్బయా" అన్నాడు మేస్త్రి.

యాంగిల్ ఇనుముతో స్టాండ్లు చేయించా. ఎనిమిదేసి అడుగులకొకటి, వంపు దగ్గర అదనంగా ఒకటి. కింద సిమెంటు దిమ్మ, మధ్యలో రబ్బరు, గాలికి లేవకుండా పైనుంచి పట్టీ. మిద్దెకు మాత్రం రంధ్రం వేయనివ్వలేదు, వానకు అక్కడే కారుతుంది. డక్టును ఒక్కసారిగా ఎత్తకుండా కొంచెం కొంచెంగా లేపారు, లేకపోతే జాయింట్లు ఇంకా విడేవి. తర్వాత సీలెంట్ పూసి, తడిసిన ఇన్సులేషన్ తీసేసి కొత్తది చుట్టారు.

రెండు వేసవులుగా చుక్క పడలేదు. ఏసీకి నాలుగున్నర స్టార్లు. బిగింపుకు ఒకటి, అదీ ఒక్క రోజులో పని ముగించారని. మా ఇంటావిడ మాత్రం డక్టు మీద వడియాల గుడ్డ పరవడం ఇంకా మానలేదు.