సముద్రపు గాలిలో ఆరేళ్లు: ఎస్-ట్రాప్ సింగిల్ పీస్ కమోడ్ ఎలా నిలబడింది

విశాఖలో సముద్రానికి కిలోమీటరు లోపున్న అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. బోరు నీళ్లు, కార్పొరేషన్ నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి. వాడేది నలుగురు, అందులో ఒకరు పెద్దవయసు వారు. కమోడ్ నేలమీద బిగించే సింగిల్ పీస్ (ట్యాంకూ కమోడూ ఒకే ముక్క), ఎస్-ట్రాప్ (నేలలోని పైపులోకి దిగే రకం), గోడ నుంచి పైపుకి 9 అంగుళాలు, 3/6 లీటర్ల డ్యూయల్ ఫ్లష్, సాఫ్ట్ క్లోజ్ సీటు. బిగించి ఆరేళ్లు దాటింది. ఈ వివరాల్లో ఏది మారినా కింద రాసినదాంట్లో కొంత మీకు పనికిరాదు, అందుకే ముందు చెప్పేస్తున్నా.

పింగాణీ గురించి ఒక్క ఫిర్యాదూ లేదు. మెరుపు తగ్గలేదు, గీత పడలేదు. ఆరేళ్లలో పాడైనవన్నీ దానికి తగిలించిన చిన్న సామాన్లే. షాపుకెళ్తే మాత్రం అందరం పింగాణీనే తట్టి చూస్తాం, ట్యాంకు మూత ఎత్తి లోపల ఏముందో చూసేవాళ్లు తక్కువ.

కొనేముందు కొలత. 9 అంగుళాలు అంటే టైల్ ముఖం నుంచి పైపు నోటి మధ్యకు. ఉత్త ఇటుక గోడ నుంచి కొలిచి పైపు వేయించేశారనుకోండి: ప్లాస్టరింగ్ 12 ఎంఎం, టైల్ కింద మాలు 15, టైల్ 8, మొత్తం 35 ఎంఎం గోడ ముందుకొస్తుంది. 225 (సుమారు 9 అంగుళాలు) ఉండాల్సిన చోట 190 మిగిలి, ట్యాంకు వెనకభాగం గోడకు తన్నుకుంటుంది. అంగుళం లోపు తేడా అయితే ఆఫ్‌సెట్ కనెక్టర్‌తో (పక్కకి జరిపి కలిపే వంపు ముక్క) సర్దొచ్చు. కానీ అక్కడ పడిన వంపు దగ్గర అప్పుడప్పుడు ఆగుతుంది. అంతకంటే తేడా ఉంటే వేరే కొలత మోడల్ చూసుకోవడమే.

పాత ఇండియన్ బేసిన్ తీసి కమోడ్ పెట్టిస్తున్నవాళ్లు ఇంకోటి గమనించాలి. బేసిన్ కింద ఉన్న ట్రాప్‌ని (వాసన రాకుండా నీళ్లు నిలిచే వంపు) అలాగే వదిలేసి పైన కమోడ్ కూర్చోబెట్టే పని చాలాచోట్ల జరుగుతుంది. కమోడ్‌లోనే ఒక ట్రాప్ ఉంటుంది. రెండూ వరసగా ఉంటే మధ్యలో గాలి చిక్కుకుని ఫ్లష్ నీరసంగా పోతుంది, గుడగుడ చప్పుడు వస్తుంది. టైల్స్ పగలగొట్టాల్సి వచ్చినా సరే, కింది ట్రాప్ తీయించి 110 ఎంఎం పైపు నేరుగా కలపాలి.

బిగింపులో మాకు బాగా కలిసొచ్చింది వైట్ సిమెంటు వద్దనడం. మేస్త్రీలకు అది అలవాటు: కమోడ్ కింద సిమెంటు ముద్ద పరిచి కూర్చోబెట్టేస్తారు. గట్టిగానే ఉంటుంది, కానీ రేపు కింద లీకు వస్తే కమోడ్ పగలకుండా ఊడిరాదు. పైగా సిమెంటుకి సాగే గుణం లేదు, ఆ బిగువంతా పింగాణీ పాదం మీద పడి నెర్రె తీయొచ్చు. మేం చేయించింది ఇదీ: ముందు కమోడ్‌ని ఉత్తినే కూర్చోబెట్టి పాదం చుట్టూ, బోల్టు రంధ్రాల్లో పెన్సిల్ గుర్తులు. తీసేసి, 50 ఎంఎం లోతుకు మించకుండా డ్రిల్లింగ్. సంకన్ స్లాబులో (పైపుల కోసం పల్లంగా వేసిన బాత్రూం స్లాబు) కింద పైపులు, వాటర్‌ప్రూఫింగ్ ఉంటాయి కాబట్టి లోతు విషయంలో మొహమాటం పనికిరాదు, డ్రిల్ బిట్‌కి టేపు చుట్టి గుర్తు పెట్టించండి. పైపు నోరు టైల్ మట్టానికి సమంగా. కమోడ్‌ని పైపుకి కలిపే పాన్ కనెక్టర్ రబ్బరుకి సబ్బునీళ్లు రాసి తొడగాలి. గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. స్పిరిట్ లెవెల్ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. ఊగితే ప్లాస్టిక్ చీలికలు దూర్చాలి, బోల్టు బిగించి ఊగుడు ఆపాలని చూస్తే పింగాణీ టప్పుమంటుంది. రెండు బోల్టులూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా. చివర్న పాదం చుట్టూ బూజు పట్టని సిలికాన్, వెనకవైపు మాత్రం రెండు మూడు అంగుళాలు ఖాళీ. కనెక్టర్ దగ్గర కారితే ఆ సందులోంచి నీళ్లు బయటికొచ్చి తెలుస్తుంది. చుట్టూ మూసేస్తే కింది ఫ్లాటువాళ్లు తలుపు కొట్టేదాకా తెలియదు. సిలికాన్ ఆరడానికి 24 గంటలు వాడకుండా వదిలేయాలి.

ఇక ఉప్పుగాలి. కమోడ్‌తో పాటు ప్లంబర్ తెచ్చిన నేల బోల్టులు పైకి తళతళలాడే క్రోమ్, లోపల ఇనుము. రెండో ఏడాదికే పింగాణీ మీద గోధుమరంగు చారలు. తీసి 316 గ్రేడు స్టీలువి వేశాక ఆ బెడద పోయింది. 304 కూడా సముద్రం దగ్గర మచ్చలు పడుతుంది. సీటు కీలులో కనపడకుండా ఉండే చిన్న పిన్ను నాలుగో ఏడు తుప్పు పట్టి, సాఫ్ట్ క్లోజ్ కాస్తా ఢామ్మని పడే మూత అయింది. కీలు విడిగా దొరక్క సీటు మొత్తం మార్చాల్సి వచ్చింది.

అన్నిటికంటే భయపెట్టింది ట్యాంకుకి నీళ్లు తెచ్చే కనెక్షన్ పైపు. మీద అల్లిన స్టీలు తీగలు అయిదో ఏడు ఒక్కొక్కటే తెగడం కనిపించింది. లోపలి రబ్బరు గొట్టాన్ని పట్టి ఉంచేది ఆ అల్లికే. అది పోయాక గొట్టం పగిలితే మేడమీది ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఇల్లంతా నీళ్లే. మూడు నాలుగేళ్లకు బాగున్నా మార్చేయండి, ఊరెళ్తే ఆ పైపు మొదట్లో గోడకుండే యాంగిల్ కాక్ (చిన్న కుళాయి) కట్టేయండి. కొత్తది బిగించేటప్పుడు నట్టులో రబ్బరు వాషర్ ఉంటుంది కాబట్టి టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు చాలు. గోడలోకి వెళ్లే యాంగిల్ కాక్ మరకే టేపు.

బోరు నీళ్ల దెబ్బ ఇంకోచోట. సున్నం పేరుకుని ఫ్లష్ వాల్వు అడుగు వాషర్ సరిగా ఆనదు, నీళ్లు చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారుతుంటాయి. పది నిమిషాలకో పావు లీటరు పోతే రోజుకి 36 లీటర్లు. ట్యాంకులో కాస్త తినే రంగు కలిపి ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా చూడండి, కింద రంగు కనిపిస్తే వాషర్ మార్చాలి. మాకు ఆరేళ్లలో రెండుసార్లు మారింది. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు ఆ రబ్బరుని ఇంకా తొందరగా గట్టిపరుస్తాయి. ఫిల్ వాల్వు నోట్లో చిన్న జల్లెడ ఉంటుంది, ట్యాంకు నిండడం ఆలస్యమైతే ముందు అది తీసి కడగాలి. పై అంతస్తులవాళ్లు వేరే సంగతి చూసుకోవాలి: కొన్ని ఫిల్ వాల్వులకు కనీసం 0.5 బార్ నీటి ఒత్తిడి కావాలి, అంటే 5 మీటర్ల నీటి ఎత్తు. ఓవర్‌హెడ్ ట్యాంకు నెత్తిమీదే ఉంటే అంత రాదు.

అంచు కింది రంధ్రాల్లో సున్నానికి నిమ్మ ఉప్పు. లీటరు గోరువెచ్చని నీళ్లలో వంద గ్రాములు కలిపి, రాత్రి పట్టించి పొద్దున్నే బ్రష్ వేస్తే వదులుతుంది. బాటిల్ యాసిడ్ క్రోమ్‌ని తినేస్తుంది, అది పోసినచోట బ్లీచింగ్ పౌడర్ పడితే విషవాయువు.

3 లీటర్ల ఫ్లష్ మూత్రానికి సరిపోతుంది, 6 లీటర్లది ఒక్కసారితో పని పూర్తిచేస్తుంది. మాది వాష్‌డౌన్ రకం, నీళ్ల తోపుతోనే కిందికి నెట్టేది. సైఫానిక్ (పీల్చి లాగే రకం) చప్పుడు తక్కువ చేస్తుంది గానీ దారి సన్నం, నీళ్లు తగ్గితే మొరాయిస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు, నీళ్లు లేని రోజులు చూసినవాళ్లకి వాష్‌డౌన్ విలువ తెలుస్తుంది: అర బకెట్టు ఒక్క ఊపున పోస్తే చాలు. మగ్గుతో కొంచెం కొంచెం పోస్తే మాత్రం పోదు.

పెద్దవాళ్లకి సీటు ఎత్తు 400 ఎంఎం తక్కువైంది. 430 పైన ఉన్నది తీసుకోవాల్సింది, లేదా గోడకు పట్టుకునే కడ్డీ మొదట్లోనే వేయించాల్సింది. గోడకు వేలాడే రకం కింద తుడుచుకోవడానికి హాయి, కానీ నాలుగంగుళాల గోడకి ఇనుప ఫ్రేము కావాలి, ట్యాంకు గోడలో ఉంటుంది, మరమ్మతంతా ఫ్లష్ ప్లేటు కన్నంలోంచే. ఈ గాలికి, ఈ నీళ్లకి నేనైతే మళ్లీ నేలమీదదే కొంటాను.

ట్యాంకు మూత లోపలి వైపు మోడల్ నంబరు స్టిక్కర్ ఉంటుంది, తేమకు రెండేళ్లలో ఊడిపోతుంది. బిగించిన రోజే ఫొటో తీసి పెట్టుకోండి. వాషర్ కోసం షాపుకెళ్లినప్పుడు ఆ ఫొటోతో పాటు పాత వాషర్ కూడా జేబులో వేసుకెళ్లండి, చూడ్డానికి ఒకేలా ఉండే వాటిలో రెండు మూడు ఎంఎం తేడాలుంటాయి.