నలభై అయిదేళ్ళు దాటిన మా రెండు బ్యాండ్ల రేడియో: వాడుతున్నవాడి మాట

మా నాన్నగారు 1979లో కొన్న ట్రాన్సిస్టర్ ఇప్పటికీ గుంటూరు బ్రాడీపేటలో మా వంటగది కిటికీ గూటిలోనే ఉంది. ఇప్పటికీ పాడుతోంది. పాటల కోసం ఈ రోజుల్లో రేడియో కొనుక్కోవచ్చా అని అడిగేవాళ్ళు అప్పుడప్పుడూ తగులుతుంటారు. దారిలో నిలబడి చెప్పే జవాబు సగంలోనే ఆగిపోతుంది కనుక తీరికగా రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. నాలుగు పెద్ద సెల్లులు పడతాయి. కరెంటు మీద నడపాలంటే విడిగా ఎలిమినేటర్ పెట్టుకోవాలి. మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే ఉన్నాయి, ఎఫ్‌ఎం లేదు. ఇన్నేళ్ళలో ముల్లును లాగే దారం రెండుసార్లు తెగింది. స్పీకరు కాగితం ఒకసారి చిరిగితే జిగురు పూసి అతికించాం. వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరమనే జబ్బు రెండు మూడేళ్ళకోసారి వస్తుంది. అరండల్‌పేటలో మాకు తెలిసిన మెకానిక్ దూదిని స్పిరిట్‌లో ముంచి లోపల తుడిచి ఇచ్చేవారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ తుడవడం నేనే నేర్చుకున్నాను. ఆ కాలపు రేడియోలో నాకు నచ్చే గుణం అదే. మూత విప్పితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, వేలికి అందుతుంది.

ధ్వని విషయంలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మీడియం వేవ్‌లో ఒక కేంద్రానికీ పక్క కేంద్రానికీ మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఆ ఇరుకులో ఇమడాలి కాబట్టి తాళాల మెరుపు, వీణ తీగ మీటిన క్షణంలోని పదును మనదాకా రావు. ఎఫ్‌ఎంలో వస్తాయి. మనిషి గొంతు మాత్రం ఇందులో అంతగా నష్టపోదు. పక్కన పీట వేసుకుని కూర్చుని పాడుతున్నట్టే ఉంటుంది. మా అమ్మకు కావలసింది గొంతే.

ముల్లు ఎప్పుడూ మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. అది విజయవాడ కేంద్రం. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రాన్ని మా ఇంట్లో ఎవరూ ఆకాశవాణి అనరు, 'బెజవాడ' అంటారు. 'బెజవాడ పెట్టరా' అంటే రేడియో పెట్టమని. ఆ కేంద్రం ఉన్న పున్నమ్మతోట చిరునామాకు మా నాన్నగారు రాసిన పోస్టుకార్డులు బంధువులకు రాసినవాటికంటే ఎక్కువే ఉంటాయి. పొద్దున భక్తిరంజని, ఆ తర్వాత సంస్కృత వార్తలు, ఏడింటికి ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. ఏ కార్యక్రమం దగ్గర పాలు పొంగాలో, ఏ కార్యక్రమం దగ్గర మేము బడికి సంచి సర్దుకోవాలో గడియారం చూడకుండానే తెలిసేది.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది. మా అమ్మకు సంగీతం చెప్పించే స్తోమత తాతగారికి లేదు. పెళ్ళయి గుంటూరు వచ్చాక ఆమెకు గురువు ఈ రేడియోలో దొరికారు. వోలేటి వెంకటేశ్వర్లు గారి సంగీత శిక్షణ వచ్చే వేళకు పొయ్యి మీద ఏదీ ఉండనిచ్చేది కాదు. స్టూడియోలో ఆయన ఒక సంగతి, అంటే అదే పంక్తిని కొత్త తీరులో, పాడితే శిష్యులు అందుకునేవారు, వాళ్ళ వెనకే మా వంటగదిలో అమ్మ అందుకునేది. ఆయన శిష్యులకు చెప్పిన దిద్దుబాటును తనకే చెప్పినట్టు తీసుకుని మళ్ళీ పాడేది.

దానికంటే ఆమెకు ప్రాణమైనది 'ఈ మాసపు పాట'. నెలంతా ఒకే లలిత గీతం, నేర్చుకునేవాళ్ళ కోసం మళ్ళీ మళ్ళీ వినిపించేవారు. అమ్మ దగ్గర పొడుగాటి నోట్‌బుక్ ఒకటి ఉంది. మొదటిసారి విన్నప్పుడు పెన్సిలుతో రాసేది. వినబడని మాట దగ్గర ఖాళీ వదిలేది. తర్వాతి వారం ఒక ఖాళీ నిండేది, ఆ పై వారం ఇంకొకటి. నమ్మకం కుదిరాక దాని మీదే పెన్నుతో దిద్దేది. నెలాఖరుకు కూడా నిండకపోతే పిట్టగోడ మీదుగా అడిగేది:

"వదినగారూ, మూడో చరణంలో 'తీరాన' తర్వాత మాట ఏమిటండీ?"

"'వేచిన' అన్నట్టు వినిపించిందండీ. సరిగ్గా అప్పుడే మా కుక్కరు కూత వేసింది. మీరూ పెన్సిలుతోనే రాసి ఉంచండి."

మా వీధిలో అలా పాట రాసుకునే ఇళ్ళు నాలుగైదు ఉండేవి. ఒక ఇంట్లో ఖాళీ ఇంకో ఇంట్లో నిండేది. వినాయక చవితి పందిట్లో ఆడవాళ్ళు పాడే పాటల్లో సగం అక్కడి నుంచి వచ్చినవే. అవి సినిమా పాటలు కావు. కవి రాసి, రేడియోలో పనిచేసే సంగీత విద్వాంసులు బాణీ కట్టి, రేడియో కోసమే పాడిన పాటలు. బాలాంత్రపు రజనీకాంతరావు గారి వంటి కవి, స్వరకర్త డైరెక్టరుగా కూర్చున్న కేంద్రం అది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు పనిచేసిన చోటు. వాళ్ళ గొంతు వినడానికి మా అమ్మ టిక్కెట్టు కొనాల్సిన అవసరం రాలేదు, గడప దాటాల్సిన అవసరమూ రాలేదు.

ఆ నోట్‌బుక్‌లో ఎనభైల నాటి పాట ఒకటి ఇప్పటికీ పెన్సిలులోనే ఉంది. రెండో చరణంలో ఒక మాట ఖాళీ. మా అమ్మాయి "నానమ్మా, ఫోనులో వెతికి పెడతాను ఉండు" అని కూర్చుంది. పల్లవి కొట్టి చూసింది, చరణం కొట్టి చూసింది, అమ్మ చేత పాడించి కూడా వెతికింది. దొరకలేదు. ఆనాటి లలిత గీతాల్లో కొన్నిటిని అభిమానులు ఇళ్ళలో టేపుల మీద పట్టి దాచారు, అలాంటివి ఇప్పుడు అంతర్జాలంలో వినిపిస్తున్నాయి, ఆ పుణ్యాత్ములకు నా నమస్కారం. ఈ పాటను మాత్రం ఎవరూ పట్టుకున్నట్టు లేదు. మా ఇంట్లో ఒక మాట తక్కువగా ఉంది, అంతే.

రేడియో పోతే పాటలు ఎక్కడికి పోతాయి, ఫోనులో అన్నీ ఉన్నాయి కదా అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ పెన్సిలు గీతలు గుర్తుకు వస్తాయి. సినిమా పాట క్యాసెట్‌లో బతికింది, సీడీలో బతికింది, ఫోనులోనూ బతుకుతోంది. రేడియో తనకు తానుగా పుట్టించిన పాటకు గాలి తప్ప వేరే ఇల్లు లేదు. అది ఆగినచోట తరవాతి తరానికి పేరు కూడా తెలియదు.

సినిమా పాటకు కూడా రేడియోతో పెద్ద చరిత్రే ఉంది. 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ చేపట్టాక ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మూగబోయాయి. శ్రోతలు సిలోన్ రేడియో వైపు మళ్ళారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చాక గానీ తిరిగి చూడలేదు. మా నాన్నగారు మాత్రం తర్వాత కూడా షార్ట్ వేవ్ వదలలేదు. 1972లో ఆ దేశం పేరు శ్రీలంకగా మారినా ఆయనకు అది సిలోనే. మీనాక్షి పొన్నుదొరై గారి తెలుగు ప్రకటన, ఆ వెనక పాట. సముద్రం మీదుగా వచ్చే ఆ పాట ఒక చరణం దగ్గరికి వచ్చి, ఒక చరణం దూరంగా జరిగి, మళ్ళీ వచ్చేది. ఇప్పుడు మా రేడియోలో ఆ బ్యాండ్ మీద నాకు హోరు తప్ప ఏమీ పట్టుబడదు. కొనేవాళ్ళు షార్ట్ వేవ్ కోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

మీడియం వేవ్‌కు వచ్చిన కష్టం వేరు. పరికరంలో లోపం లేదు, చుట్టూ ఉన్న గాలి పాడయింది. ఎల్‌ఈడీ బల్బు, ఫోను చార్జరు, ఇన్వర్టరు, పక్కింటి మోటారు, ప్రతి ఒక్కటీ ఆ బ్యాండ్‌లో బుర్రుమని మోత పెడతాయి. నాకు ఇది ఒక ఎండాకాలం రాత్రి తెలిసింది. వీధి మొత్తానికి కరెంటు పోయింది. సెల్లుల మీద నడుస్తున్న రేడియోలోంచి మోత చటుక్కున తెగిపోయి, వెనక తంబురా శ్రుతితో సహా ఒక కీర్తన బయటికి వచ్చింది. అమ్మ వంటగది గడప మీద కూర్చుండిపోయింది. కరెంటు వచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు.

ఎఫ్‌ఎం గురించి కూడా చెప్పాలి. ఆకాశవాణి వారి ఎఫ్‌ఎం కేంద్రం రెయిన్‌బో కృష్ణవేణి కోసం చిన్న సెట్టు ఒకటి కొన్నాను, శబ్దం చాలా శుభ్రంగా ఉంటుంది. ప్రైవేటు కేంద్రాలు వచ్చిన కొత్తలో విజయవాడ ఆటోల్లో, టీ బడ్డీల్లో మళ్ళీ రేడియో మోగడం చూసి సంతోషించాను. ఆ ఉత్సాహం నాకు ఇప్పటికీ నచ్చుతుంది. కానీ అవి వినిపించేవి ఎక్కువగా ఎక్కడైనా దొరికే సినిమా పాటలే. ఆ పని ఫోను ఇంకా బాగా చేస్తుంది కాబట్టి కుర్రవాళ్ళు అటు వెళ్ళడంలో తప్పేమీ లేదు. చాలా కొత్త ఫోన్లలో ఎఫ్‌ఎం లేదు. ఉన్నవాటికీ ఇయర్‌ఫోను తీగే ఏరియల్, ఆ తీగ పెట్టే రంధ్రమే తీసేస్తున్నారు.

ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ కేంద్రం మోత లేకుండా వస్తుంది. ఊరికి దూరంగా ఉన్న పిల్లలకు నేను సలహా ఇచ్చేది అదే. ఒక్క తేడా గమనించాను. రేడియో, ఫోను పక్కపక్కన పెడితే ఫోను కొన్ని సెకన్లు వెనకబడి పలుకుతుంది. గంట కొట్టే ముందు వచ్చే పీప్ శబ్దాలతో గోడ గడియారం దిద్దుకున్న ఇంట్లో పెరిగినవాడికి అది కొంచెం బాధే.

కొనవచ్చా అంటే, సినిమా పాటల కోసమే అయితే వద్దు. రేడియో మాత్రమే పుట్టించే పాట కోసం, ఇంకా మిగిలి ఉన్న లలిత సంగీతం, కచేరీ, నాటకం కోసం అయితే తప్పక కొనండి. వింటూ ఫోనులో రికార్డు చేసి తేదీ, పాడినవారి పేరు రాసి ఉంచండి. నేను ఆలస్యంగా మొదలుపెట్టాను, ఇప్పటికి ముప్ఫై పాటల దాకా అయ్యాయి.

పాత సెట్టు కొంటే ముందు సెల్లుల గది తెరిచి స్ప్రింగులు చూడండి. నేను ఒక వేసవిలో సెల్లులు తీయడం మరిచిపోతే అవి కారి రెండు స్ప్రింగులను తినేశాయి. ముల్లు చివరి నుంచి చివరి వరకు ఆగకుండా కదలాలి. ఇంట్లో ఫ్రిజ్‌కూ, ఎల్‌ఈడీ బల్బుకూ దూరంగా పెట్టండి. లోపల అడ్డంగా ఉండే ఫెర్రైట్ కడ్డీయే దాని ఏరియల్. కడ్డీ మొన కేంద్రం వైపు ఉంటే శబ్దం పీలగా వస్తుంది, రేడియో ముఖం కేంద్రం వైపు ఉంటే నిండుగా వస్తుంది. గుంటూరులో ఉన్నవాళ్ళు ఈశాన్యానికి తిప్పి పెట్టుకోండి.