క్రిస్మస్ కేకుకు కుక్కరా, ఓవెనా?

నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లలో క్రిస్మస్‌కు కేకు చేసుకునేవారికి రెండు దారులున్నాయి: పాత కుక్కర్, చిన్న కరెంటు ఓవెన్. కుక్కర్ అడుగున అంగుళం మందాన ఇసుక పరచి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, 10 నిమిషాలు వేడిచేసిన తర్వాత స్టాండు మీద కేకు గిన్నె పెట్టి, సన్నని సెగన ముప్పావు గంట ఉంచితే కేకు చక్కగా పొంగుతుంది. అయితే వేడి ప్రధానంగా కింది నుంచే అందడం వల్ల అడుగు ముదురు గోధుమ రంగుకు తిరిగినా పైభాగం పాలిపోయి, వేలికి అంటుకునేంత చెమ్మగా మిగులుతుంది. (ఇసుకకు బదులు ఉప్పు పోసేవారూ ఉన్నారు గానీ, చెమ్మ తగిలిన ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది.)

ఓవెన్‌లో పైనా కిందా కాయిల్ ఉంటుంది కనుక 180 డిగ్రీల వద్ద కేకు నాలుగు వైపులా ఎర్రగా కాలుతుంది. బిస్కెట్లకు ఓవెనే సరి.

ఎండుద్రాక్ష, జీడిపప్పు దట్టించిన ప్లమ్ కేకుకు మాత్రం నా ఓటు కుక్కర్‌కే. ఆ చెమ్మే మరునాటికి కేకును మెత్తగా నిలుపుతుంది. పైగా ఈశాన్య రుతుపవనాల వానలకు డిసెంబరులో కరెంటు పోయినా పొయ్యి మీది పని ఆగదు. అడుగు మాడకుండా గిన్నెలో వెన్న కాగితం రెండు పొరలుగా వేయాలి.